ముప్పై తాబేళ్లకీ ఒకటే మొహం

శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డు ఊరు. అందులో ఒక అంగన్‌వాడీ. అక్కడి టీచరుకి చిన్నప్పుడు హైస్కూల్లో బొమ్మలు నేర్పిన డ్రాయింగు మాస్టారు రిటైరై ఆ ఊళ్లోనే ఉంటున్నారు. ఫిబ్రవరిలో ఒక పొద్దున మనవరాలిని దింపడానికి వచ్చి, గోడకి వరసగా వేలాడుతున్న తాబేళ్లని చూసి ఆగిపోయారు. ఆ తరవాత జరిగిన మాటలివి. ఎవరి పక్షమూ పూర్తిగా తీసుకోలేక, అలాగని నోరు మూసుకుని ఉండలేక, మధ్యమధ్య నేనూ దూరాను.

మాస్టారు: ఇవన్నీ ఎవరు చేశారమ్మా?

టీచరు: మన గుంటలే, మాస్టారూ. కాగితప్పళ్లెం బోర్లిస్తే డిప్ప, అట్టముక్కలు కాళ్లు. నిన్న పొద్దంతా ఇదే పని.

మాస్టారు: అన్నీ ఒకేలా నవ్వుతున్నాయి. కళ్లన్నీ ఒకే చోట ఉన్నాయి. ముప్పై మంది పిల్లలు చేసిన ముప్పై తాబేళ్లకి ఒకటే మొహం ఎలా వచ్చింది? ఆ గీత నీది కాదూ? తొమ్మిదో తరగతిలో కూడా నువ్వు నవ్వు ఇలాగే గీసేదానివి.

టీచరు: గీత నాదే, కోతా నాదే. రంగు వాళ్లది, అంటించడం వాళ్లది. మూడేళ్ల గుంట చేతికి కత్తెరిస్తే అంచుమీద చిన్న గాటు పెడుతుంది, అంతే. నాలుగు దాటితే తిన్నటి గీత మీద కత్తిరిస్తుంది. గుండ్రంగా తిప్పుకుంటూ కత్తిరించాలంటే ఐదేళ్లు నిండాలి. నేను కొయ్యకపోతే తాబేలు ఎలా వస్తుంది?

మాస్టారు: రాకపోతే ఏమవుతుంది?

టీచరు: తాబేలు రాకపోతే వాళ్లమ్మ వస్తుంది, “మా పాప ఏమీ చెయ్యలేదా?” అని.

మాస్టారు: చేసిందేమిటి మరి? అంటించింది. తాబేలుని చేసినదానివి నువ్వు.

టీచరు: అంటించడమంటే మీకు అంత చులకనా? జిగురు ఎంత తియ్యాలో, ఏ పక్క రాయాలో, ఎక్కడ నొక్కి ఎంతసేపు పట్టుకోవాలో ఇవన్నీ వాళ్లకి కొత్తే. మైదా జిగురులో వేలు పెట్టమంటే ఏడ్చే గుంటలున్నారు నా దగ్గర, అంటుకున్నది ఇంక పోదేమోనని. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక కాగితం ముక్కని పట్టుకోవడం వచ్చినవాడికే రేపు బలపం పట్టుకోవడం వస్తుంది. పైగా డిప్పమీద ముక్కలు నేను కొయ్యలేదు. ఆకుపచ్చ కాగితం ఇచ్చి చింపమన్నాను. చింపడానికి రెండు చేతులూ ఎదురెదురుగా తిరగాలి, కత్తెర పట్టడానికి ముందు నేర్చుకోవలసింది అదే. ఆ డిప్పల్ని దగ్గరికెళ్లి చూడండి, ఏ రెండూ ఒకటి కావు.

మాస్టారు వెళ్లి చూశారు. నేనూ చూశాను. నిజమే. ఒక డిప్పమీద ముక్కలన్నీ ఒక మూలకి కుప్పపడ్డాయి, ఇంకోదాని మీద వరసకట్టాయి, మూడోదాని మీద రెండే ముక్కలు, మిగతాదంతా జిగురు. ఇంత చక్కటి తేడా ఉన్నా దూరం నుంచి చూస్తే కనపడేది మాత్రం ఆ నవ్వులే.

మాస్టారు: డిప్పలు వాళ్లవే, ఒప్పుకుంటాను. ఆ నవ్వుమొహం పెట్టి నువ్వు వాటిని దాచేశావు. సరే, అసలు ఇది ఏ తాబేలు?

టీచరు: ఏ తాబేలేమిటండీ, తాబేలు!

మాస్టారు: మన పిల్లలు రెండు రకాలు చూస్తారు. శ్రీకూర్మం వెళ్తే గుళ్లో నక్షత్ర తాబేళ్లు కనపడతాయి. ఎత్తైన డిప్ప, దానిమీద పసుపుపచ్చ చారలు, మొద్దు కాళ్లు. ముట్టుకుంటే తలా కాళ్లూ లోపలికి లాక్కుంటాయి. ఈ నెలల్లో మన ఒడ్డుకి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లీ వేరు. దానికి కాళ్లుండవు, తెడ్లుంటాయి. తల లోపలికి లాక్కోవడం దానికి చేతకాదు. నువ్వు దాని డిప్పకి శ్రీకూర్మం కాళ్లు పెట్టి, వెనక గోడకి నీలం కాగితం అంటించి సముద్రంలో వదిలావు. మునిగిపోతుందమ్మా అది.

టీచరు: మూడేళ్లవాళ్లకి జీవశాస్త్రం చెప్పమంటారా?

మాస్టారు: వాళ్లకి కాదు, ముందు నువ్వు చూడమంటున్నాను. ఇంకోటి విను. చాలా తాబేళ్లకి డిప్పమీద పెద్ద పలకలు పదమూడు ఉంటాయి, నడుమ ఐదు, అటు నాలుగు, ఇటు నాలుగు. ఆలివ్ రిడ్లీకి పక్క పలకలు అంతకంటే ఎక్కువ. చాలావాటికి ఎడమపక్క లెక్కా కుడిపక్క లెక్కా కలవదు. ఒకవైపు ఆరు, ఇంకోవైపు ఏడు. సృష్టిలోనే అది అచ్చుబోసినట్టు లేదు. నువ్వేమో మొహాన్నీ కాళ్లనీ మడతపెట్టి కోసి రెండు పక్కలూ సమానం చేశావు.

టీచరు: అలాగైతే ఒక మూలకి కుప్పపోసిన గుంటడే అందరికంటే నిజమైన తాబేలు చేశాడన్నమాట.

మాస్టారు: వాడి పేరు గోడమీద పెద్దక్షరాలతో రాయి.

టీచరు: మరి ఏడు కాళ్లు పెట్టినవాణ్ణి ఏం చెయ్యమంటారు? ఒకడు పెట్టాడు. మిగిలిన అట్టముక్కలన్నీ వాడే తీసుకున్నాడు.

మాస్టారు: ఉండనీ. నాలుగేళ్లవాడు మనిషిని గీస్తే తలకాయకే కాళ్లు మొలుస్తాయి, పొట్ట ఉండదు. ఏ దేశంలో చూసినా అంతే. వాడికి తెలియక కాదు, వాడికి ముఖ్యమనిపించింది గీస్తాడు. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అని ఒకాయన వియన్నాలో చూపులేని పిల్లలకి మట్టిచ్చి బొమ్మలు చేయించాడు, తరవాత అమెరికా వెళ్లి 1947లో పిల్లల బొమ్మల మీద పెద్ద పుస్తకం రాశాడు. పెద్దవాళ్లు గీసిన గీతల్లో రంగు నింపిస్తే పిల్లలు సొంతంగా గియ్యడానికి జంకుతారన్నాడు.

టీచరు: ఆయన దగ్గర ఎంతమంది గుంటలుండేవారు? చేతులు కడగడానికి ఎన్ని బకెట్ల నీళ్లుండేవి?

దీనికి మాస్టారి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. పిల్లల చదువు గురించి రాసే పుస్తకాల్లో నీళ్ల లెక్క ఉండదు. ఒక టీచరు, ఒక హెల్పరు, ముప్పై మంది, మధ్యలో గుడ్లు ఉడకాలి, పాలు పంచాలి, బరువులు తూచాలి, రిజిస్టరు రాయాలి. అచ్చుబొమ్మని వెక్కిరించే ముందు ఆ పూట ఆ గదిలో నిలబడి చూడాలి.

మాస్టారు: నేను చెప్పేది తేలిక పనే. బంకమట్టి తెప్పించు. తలా ఒక ముద్ద ఇచ్చి తాబేలు చెయ్యమను, నువ్వు మాట్లాడకు. కళ్లకి వినాయకుడికి పెట్టినట్టు గురివింద గింజలు పెడితే ఎంత అందంగా ఉంటుందో చూడు.

టీచరు: గురివిందా! మాస్టారూ, మీరు బొమ్మలు నేర్పింది హైస్కూలు పిల్లలకి. అది విషం. పైతోలు గట్టిది కాబట్టి మింగినా ఒక్కోసారి ఏమీ కాకపోవచ్చు, నమిలితే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. నా దగ్గరున్నవాళ్లు చేతికి దొరికిందల్లా ముందు నోట్లో పెట్టి, తరవాత ఏమిటో చూస్తారు. చింతగింజని కూడా నేను గదిలోకి రానివ్వను. ముక్కులో దూర్చుకుంటే నేను తియ్యలేను, పీహెచ్‌సీకి పరిగెత్తాలి. బజార్లో దొరికే ఆ గలగలలాడే ప్లాస్టిక్ కళ్లు కూడా అందుకే కొనలేదు.

మాస్టారు: మరి కళ్లెలా?

టీచరు: పుల్లతో గుచ్చితే రెండు కన్నాలు పడతాయి. కన్ను ఎక్కడుండాలని వాళ్లకి అనిపిస్తే అక్కడ. అదైనా నా చేతిలో పుల్ల, లేదా నా కళ్లెదురుగా వాళ్ల చేతిలో.

మాస్టారు: ఇదే ఆ మొహానికి కూడా చెయ్యొచ్చుగా!

టీచరు: వస్తున్నానండీ అక్కడికి. మట్టి నేను చేయించనిదేమీ కాదు. పోయినేడు చేయించాను. ఒకడు చక్కగా తాబేలు చేసి, వెల్లకిలా తిప్పి, దాని చుట్టూ పురికొస బిగించి చుట్టాడు. ఏమిట్రా ఇది అంటే “చచ్చిపోయింది, ఒడ్డుకొచ్చింది” అన్నాడు. నేను కొస విప్పేశాను.

మాస్టారు: ఎందుకు విప్పావు? ముప్పై మందిలో కళ్లారా చూసింది చేసినవాడు వాడొక్కడే.

టీచరు: ఎందుకంటే పక్కనున్న గుంట “మీ నాన్నే చంపేడు” అంది. వాళ్ల నాన్న వేటకెళ్తాడు. వాడు ఏడుపు. సాయంత్రానికి ఆ మాట ఊళ్లో తిరిగింది. ట్రాలర్ల వలల్లో పడి చస్తున్నాయని మనవాళ్లంటారు, మనవాళ్ల వలల్లోనే పడుతున్నాయని ట్రాలర్లవాళ్లంటారు. మీరు పిల్లవాడి బొమ్మ నిజాయితీ చూస్తారు. నేను మర్నాడు ఆ ఇంటికెళ్లి గుంటణ్ణి మళ్లీ బడికి పంపమని అడగాలి.

ఈ చోట కాసేపు ఎవరూ మాట్లాడలేదు. సముద్రపు తాబేలు నీళ్లలో బతికినా గాలి పీల్చేది ఊపిరితిత్తులతోనే, అందుకే వలలో ఇరుక్కుని పైకి రాలేకపోతే మునిగి చస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరం మీద నడిచేవాళ్లకి గుడ్లు పెట్టడానికి వచ్చినదాని జాడా కనపడుతుంది, కొట్టుకొచ్చిన శవమూ కనపడుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మల కాగితాలన్నీ మొదటిదే చూపిస్తాయి. ఇక్కడి పిల్లలకి రెండోది దాచినా దాగదు.

మాస్టారు: నాన్న మీదికి పోకుండా వల సంగతి చెప్పలేమా? ట్రాలర్ వలలో బిగించే చట్రం ఒకటుంది, టెడ్ అంటారు. ఇనప కడ్డీలుంటాయి. రొయ్యలు కడ్డీల సందులోంచి వల అడుగుకి పోతాయి, తాబేలు కడ్డీలకి తగిలి పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది.

టీచరు: అంటే జల్లెడ.

మాస్టారు: జల్లెడే!

టీచరు: అయితే దానికి బొమ్మ గియ్యక్కర్లేదు. వంటగదిలోంచి జల్లెడ తెస్తాను. ఇసక పోసి, పైన వాళ్లు చేసిన తాబేలు పెట్టి ఊపమంటాను. ఇసక కిందకి పోతుంది, తాబేలు పైన ఉంటుంది, దాన్ని తీసి నీళ్లతొట్టిలో వదులుతారు. వందసార్లు చేస్తారు, ఆపమన్నా ఆపరు. ఎవరి నాన్న పేరూ రాదు.

మాస్టారు: ఇది నాకు తట్టలేదు.

నాకూ తట్టలేదు. పిల్లల బొమ్మలపని అనగానే మనకి గోడకి తగిలించే వస్తువు గుర్తొస్తుంది. పని అయిపోయాక చేతిలో ఏదీ మిగలని ఆటకి విలువ కట్టడం మనకింకా అలవాటు కాలేదు.

మాస్టారు: అయితే ఇంకా ఉన్నాయి అలాంటివి. ఆలివ్ రిడ్లీ ఇసకమీద నడిచేటప్పుడు తెడ్లు ఒకదాని తరవాత ఒకటి వేస్తుంది, కుడిదొకసారి, ఎడమదొకసారి. పచ్చ తాబేలైతే రెండూ ఒకేసారి వేసి ఈడ్చుకుంటుంది. జాడ చూసి ఏది వచ్చిందో చెప్పేస్తారు. పళ్లెంలో తడి ఇసక పోసి, అరచేతి అంచుతో అటొకటి ఇటొకటి నొక్కుకుంటూ పోతే ఆ జాడ వస్తుంది. గుడ్లు పెట్టి గొయ్యి పూడ్చాక అది ఏం చేస్తుందో తెలుసా? ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ఇసకని దిమ్మిస లాగ కొడుతుంది.

టీచరు: అది నేను చూశాను. మా గుంటలతో చేయిస్తే పైకప్పు లేచిపోతుంది. ఇంకేమైనా చెప్పండి.

మాస్టారు: గుడ్డు మీద ఇసక వేడిని బట్టి పిల్ల ఆడో మగో తేలుతుంది. వేడెక్కువైతే ఆడ, చల్లగా ఉంటే మగ.

మూడేళ్లవాళ్లకి ఇది అక్కర్లేదు. మాస్టారికి కావాలి. చెప్పనిచ్చాం.

టీచరు: నాకు వేరే చిక్కుంది. ఆ అట్టతాబేళ్ల పక్కన పిల్ల తాబేళ్లు కూడా చేయించాను, తల్లి వెనకాల వరసగా. మొన్న పిల్లల్ని తాబేళ్ల హేచరీకి తీసుకెళ్తే అటవీశాఖ ఆయన ఉన్నమాట చెప్పేశాడు, తల్లి వంద గుడ్ల దాకా పెట్టి వెళ్లిపోతుంది, మళ్లీ రాదు, నలభై ఐదు నుంచి అరవై రోజులకి పిల్లలు వాటంతటవే పైకొచ్చి వెలుతురున్న వైపు సముద్రంలోకి పోతాయి అని. ఇంటికొచ్చేదాకా ఒక గుంట నా చెయ్యి వదల్లేదు. “అమ్మ రాదా? ఎప్పటికీ రాదా?” అని. వాళ్లమ్మ పనికోసం చెన్నై వెళ్లింది, ఆ పాప అమ్మమ్మ దగ్గరుంటోంది. ఇప్పుడు ఆ వరసలోంచి తల్లిని తీసెయ్యమంటారా?

మాస్టారు: ...తియ్యమనను. ఆ పాప పెడితే ఉండనీ.

టీచరు: చూశారా, నిజం కంటే పాప పెద్దదైంది మీకు.

మాస్టారు: ముందునుంచీ నేననేది అదేనమ్మా! పాప పెట్టిన తల్లి వేరు, నువ్వు పెట్టించిన తల్లి వేరు.

ఇక్కడ మాస్టారు తప్పించుకున్నారని నా అనుమానం. తాబేలు కాళ్ల దగ్గర శాస్త్రం అడిగినవారు తల్లి దగ్గరికొచ్చేసరికి వదిలేశారు. వదలడమే మంచిదైందని కూడా అనిపించింది.

మాస్టారు: ఆ పళ్లేలు ఎక్కడివి? లోపల మెరుస్తున్నాయి.

టీచరు: బజారువే, ప్లాస్టిక్ పూత ఉంటుంది. రంగు నిలవడం లేదు కూడా. వానకి గోడ కారితే అన్నీ తీసి పారేస్తాం, కాలవలోంచి ఎక్కడికి పోతాయో మీరు చెప్పక్కర్లేదు. సంచీలు తిని తాబేళ్లు చస్తున్నాయని పిల్లలకి చెప్తూ దానికే ప్లాస్టిక్ డిప్ప కట్టానని రాత్రి తట్టింది.

మాస్టారు: కొబ్బరిచిప్ప?

టీచరు: అంచు కోస్తుంది, ముప్పై చిప్పలు అరగదీసేదెవరు? నా దగ్గర ఇంతకంటే మంచిది ఉంది. గుడ్ల అట్ట. కేంద్రానికి గుడ్లు వచ్చే అట్టలో ముప్పై గుంతలుంటాయి, నాకు ముప్పై మంది. ఎండలో బాగా ఆరబెట్టి విడివిడిగా కోసిస్తే ఒక్కోటీ డిప్ప. హేచరీలో అప్పుడే పైకొచ్చిన పిల్ల ఇంచుమించు అంతే ఉంది, అరచేతిలో పట్టేంత. రంగు కూడా అక్కర్లేదు, బొగ్గుపొడి నీళ్లలో కలిపి పూస్తే చాలు, పుట్టినప్పుడు అవి నల్లగానే ఉంటాయిగా. పెద్ద తాబేలు కావాలంటే అడ్డాకు దొప్ప బోర్లించాలి. సీతంపేట సంతలో దొరుకుతాయి. నాలుగు రోజులకి ఎండి విరిగిపోతుంది, విరిగితే పొయ్యిలోకి.

మాస్టారు: తలా తెడ్లూ?

టీచరు: పిండిముద్ద. గోధుమపిండి, ఉప్పు, చెంచాడు నూనె. నోట్లో పెట్టుకుంటే ఉప్పగా ఉందని వాళ్లే ఉమ్మేస్తారు. తల ఎక్కడ అతికిస్తారో, తెడ్లు ఎన్ని పెడతారో నేను చెప్పను. సరేనా? అతికించిందాన్ని నేను సర్దను కూడా.

మాస్టారు: కొండపల్లిలో బొమ్మకి చేతులు అతికించడానికి చింతగింజల పొడీ రంపపుపొట్టూ కలిపి మక్కు చేస్తారు...

టీచరు: చింతగింజలు వద్దన్నానా!

మాస్టారు: పొడి అంటున్నానమ్మా. సరే, వద్దులే. కొండపల్లి మాట ఎందుకు తెచ్చానంటే, నువ్వు ఎప్పుడో అంటావని చూస్తున్నాను, అక్కడ అందరూ ఒకే నమూనా చేస్తారు కదా, అచ్చులో తప్పేముంది అని.

టీచరు: అనబోతున్నాను. అక్కడ ఏనుగంబారీ తరతరాలుగా ఒకేలా ఉంటే కళ అంటారు, నా తాబేళ్లు ఒకేలా ఉంటే అచ్చు అంటారు.

మాస్టారు: ఆ బొమ్మ చేసేవాడు పొణికి కొయ్య చెక్కడం దగ్గర్నుంచి రంగు దాకా పని తన చేత్తో నేర్చినవాడు. నమూనా అతని చేతిలో ఉంది. వీళ్ల చేతుల్లో ఇంకా ఏదీ లేదు, వెతుక్కుంటున్నారు.

టీచరు: ఐదేళ్లవాళ్లలో కొందరు నమూనా అడుగుతారండీ. “టీచర్, నువ్వు చేసి చూపించు” అంటారు. చూపించకపోతే మూతి ముడుచుకుని కూర్చుంటారు. అలాంటివాళ్ల కోసం ఒకటి చేసి బల్లమీద పెడతాను. చూసి చేసేవాళ్లు చూస్తారు, లేనివాళ్లు లేదు. దీనిమీద మాత్రం మీతో బేరం లేదు.

మాస్టారు: ఒకటి కాదు, మూడు పెట్టు. మూడూ మూడు రకాలుగా.

టీచరు: మూడు చేసే టైము నాకెక్కడిది? మీరు చెయ్యండి. సోమవారం రండి, మూడు తాబేళ్లు చేసి, ముప్పై మందికి చేతులు కడిగించి, బోరింగు కూడా మీరే కొట్టండి.

మాస్టారు: కొడతాను. ఒక షరతు. వాళ్లు చేస్తుండగా ఫోను తియ్యకూడదు. ఫోను చూడగానే అందరూ బొమ్మ వదిలేసి నవ్వుతారు.

టీచరు: ఫోటో లేకపోతే సూపర్‌వైజరమ్మకి ఏం పంపను?

మాస్టారు: చేతులు కడిగేటప్పుడు తీసి పంపు. ఎన్ని బకెట్లు పట్టాయో ఆవిడకీ తెలుస్తుంది.